మగ్గం ఇంట్లో, పగ్గం ఎవరి చేతిలో? పోచంపల్లి వైపు నుంచి ఒక కేస్ స్టడీ

ఇందులో కనిపించే దంపతులు, వాళ్లకు నూలిచ్చి కూలికి చీరలు నేయించుకునే సావుకారి నిజంగా ఉన్న ఏ ఒక్కరూ కారు. చౌటుప్పల్, భూదాన్ పోచంపల్లి, పుట్టపాక వైపు ఇక్కత్, అంటే పోగులకు ముందే కట్లు కట్టి రంగు వేసి నేసే బట్ట, నేసే ఇళ్లలో తరచూ ఉండే పరిస్థితులను కలిపి కట్టిన నమూనా కేసు ఇది. చీరలు, రోజులు, గంటల లెక్కలు పని క్రమం అర్థం కావడానికి వేసినవి, సర్వే అంకెలు కావు. ఈ ఊళ్లు ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నా, పాత నల్లగొండ నేత బెల్టుగానే చూస్తే పని తీరు బాగా అర్థమవుతుంది.

వచ్చిన ఫిర్యాదు

నేత కార్మికుడు, వయసు 44. ఇంట్లో ఒక గుంట మగ్గం, పట్టు ఇక్కత్ చీరలు. మూడు నెలలుగా రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. కడుపులో మంట, కుడి భుజం నొప్పి, చిన్న మాటకే పిల్లల మీద అరుపులు. రెండు వేర్వేరు రోజుల్లో చూసిన బీపీ 148/96, 146/94. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి "టెన్షన్" అన్న ఒక్క మాటతో, పని ఒత్తిడి కేసులు చూసే మా దగ్గరికి పంపారు. ఆయన మాట ఇది: "పని ఎక్కువైతే తట్టుకుంట సార్. ఎప్పుడు ఏం జెప్తడో తెల్వక సస్తున్న."

రెండో వాక్యమే ఈ కేసు మొత్తం. కానీ దాని దగ్గరికి వెళ్లేముందు వైద్యం వైపు లెక్క తేల్చుకోవాలి. చక్కెర, థైరాయిడ్ పరీక్షలు సరిగానే వచ్చాయి. మద్యం వారానికి ఒకసారి. భుజం నొప్పికి మెడికల్ షాపులో కొన్న గోలీలు పరగడుపున వేసుకుంటున్నాడు. కడుపు మంటకు సగం కారణం అదే, బీపీని కూడా అవి కొంత పెంచగలవు. గోలీలు ఆపించి, బీపీ సంగతి డాక్టరుకు అప్పగించాం. తొమ్మిది ప్రశ్నల డిప్రెషన్ పట్టీ, పీహెచ్‌క్యూ-9, మీద 27కు 11 వచ్చింది, అంటే మధ్యస్థం. తొమ్మిదో ప్రశ్నకు, అంటే చచ్చిపోవాలనిపించడం గురించి అడిగేదానికి, సున్నా. అయినా బాకీలున్న నేత ఇంట్లో ఆ ప్రశ్నను కాగితానికి వదిలేయకూడదు. ఆయనను ఒంటరిగా కూర్చోబెట్టి నోటితోనే మళ్లీ అడిగాం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు ఫైలు అట్ట మీద పెద్దగా రాసి ఇచ్చాం.

ప్రశ్నావళి ఎందుకు తప్పుదారి పట్టించింది

పని ఒత్తిడి గురించి ఎక్కువగా వాడే నమూనా 1979లో రాబర్ట్ కరాసెక్ ఇచ్చింది. పని భారం ఒక్కటే మనిషిని కుంగదీయదు; భారం ఎక్కువై, ఆ పని మీద తన నిర్ణయం చెల్లనప్పుడు ఒత్తిడి ముదురుతుందని దాని సారం. భారమూ నిర్ణయాధికారమూ రెండూ ఎక్కువగా ఉంటే అదే పనిలో మనిషి ఎదగవచ్చు కూడా. తర్వాత 1988లో జెఫ్రీ జాన్సన్, ఎలెన్ హాల్ దీనికి మూడో కొలత చేర్చారు: పక్కవాళ్ల, పైవాళ్ల ఆసరా. ఈ నమూనా మీద కట్టిన ప్రశ్నావళినే ముందు ఈయనకు ఇచ్చాం.

చిక్కు ఎక్కడంటే, ఈ నమూనాలో "అదుపు" అన్నది రెండు ముక్కల కూడిక. ఒకటి పనితనం: పనిలో నేర్పు వాడుకునే వీలు, కొత్తది నేర్చుకునే వీలు. రెండోది మాట చెల్లుబాటు: ఏం చేయాలో, ఎప్పుడు, ఎలా చేయాలో తాను తేల్చే వీలు. ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో ఈ రెండూ చాలావరకు కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి. కాబట్టి కూడినా పెద్ద నష్టం లేదు. ఇక్కత్ మగ్గం మీద రెండూ చెరో దిక్కు. పేక పోగును, అంటే అడ్డం పోగును, సూది మొనతో జరిపి చుక్క మీద చుక్క కూర్చోబెట్టేవాడికి పనితనం ప్రశ్నల్లో దాదాపు పూర్తి మార్కులు పడతాయి. చెల్లుబాటు ప్రశ్నల్లో అట్టడుగు. కూడితే "పర్వాలేదు" అని తేలుతుంది, రోగం లెక్కలో మాయమవుతుంది. తెలుగులో పని మీద పట్టు ఉందంటే పనితనమనే అనుకుంటాం, కాబట్టి ఆ మాటతో అడిగితే ఇంకా తప్పుతాం. చేతివృత్తుల వాళ్లకు ఈ రెండు భాగాలూ విడివిడిగానే మార్కులు వేయాలి. మొత్తం వేసే గడిని కొట్టేయండి.

"మీ పని మీద మీకు అదుపు ఉందా?" అని అడగడం కూడా దండగ. రెండే జవాబులు వస్తాయి: ఉత్సాహంగా ఉంటే "మనదే మగ్గం, మనల్ని అడిగెటోడెవడు", దిగులుగా ఉంటే "మన చేతిల ఏమున్నది". నిన్నటి సంగతి అడగాలి. నిన్న మగ్గం ఎన్నింటికి ఆపిండ్రు, ఎందుకు ఆపిండ్రు? ఈ ఆకుపచ్చ ఎవరు అన్నరు? చుట్టాలింట్ల పెండ్లుంటే ఎవరికి చెప్పాలె, ఎన్ని రోజుల ముందు? పోయిన చీరకు కోత పెట్టిండ్రా, ఎందుకని చెప్పిండ్రు, మీరేమన్నరు? ఈ నాలుగు ప్రశ్నలకు వచ్చిన జవాబులు ఆ ప్రశ్నావళి మొత్తం కంటే ఎక్కువ చెప్పాయి.

ఒక వార్పు లెక్క

జవాబులను ఒక పట్టీగా రాశాం. ఒక వార్పు, అంటే రంగు వేసి సిద్ధం చేసిన పడుగు (నిలువు పోగులు), ఇంటికి వచ్చినప్పటి నుంచి చివరి చీర కోసి కూలి చేతికందే వరకు ఎదురయ్యే ప్రతి నిర్ణయం ఎడమవైపు. ఎవరు తేలుస్తారు, ఇంటికి ఎప్పుడు తెలుస్తుంది అన్నవి కుడివైపు రెండు గడులు. డిజైన్, రంగులు, నూలు, వార్పు వచ్చే తేదీ, చీరలు ఇవ్వాల్సిన తేదీ, కూలి, కోత, చెల్లింపు రోజు: అన్నీ సావుకారివే. ఎన్నింటికి మగ్గంలో దిగాలి, ఎప్పుడు తినాలి, తెగిన పోగు ఎప్పుడు అతకాలి: ఇవి ఈయనవి. పైకి చూస్తే పని వేళలు తన చేతిలోనే ఉన్నాయి. ఎంతో మంది ఉద్యోగులకు లేని స్వేచ్ఛ అది.

ఆ స్వేచ్ఛ లోపల ఎంత ఖాళీయో లెక్క వేస్తే తెలుస్తుంది. వార్పుకు ఆరు చీరలు. రోజుకు ఎనిమిది గంటలు కూర్చుంటే చీరకు ఆరు రోజులు, మొత్తం 36. దానికి ముందు పాత పోగులకు కొత్త పోగులు ఒక్కొక్కటిగా అతకడానికి మూడు రోజులు. అంటే 39 రోజుల పని. ఒకటో తేదీకి వస్తుందన్న వార్పు తొమ్మిది రోజులు ఆలస్యంగా వచ్చింది, ఆ 39 రోజులకే పెట్టిన పెళ్లిళ్ల సీజన్ గడువు మాత్రం జరగలేదు. అతకడం పోగా నేతకు మిగిలింది 27 రోజులు. 288 గంటల పని 27 రోజుల్లో అంటే రోజుకు పది గంటల నలభై నిమిషాలు. మధ్యలో రెండు రోజులు ఊరికి పోతే పదకొండున్నర గంటలు.

పవర్‌లూమ్ అయితే వేగం పెంచుతారు. ఇక్కత్‌లో వేగం పెంచితే పేక జరుగుతుంది, చుక్క చెదురుతుంది, కోత పడుతుంది. కాబట్టి పోయిన తొమ్మిది రోజులు రాబట్టడానికి ఉన్న దారులు మూడే: నిద్ర కోయడం, మధ్యలో లేవకుండా కూర్చోవడం, ఇంటామెను, పిల్లలను పనిలోకి లాగడం. ఈ ఇంట్లో మూడూ జరుగుతున్నాయి. వార్పు రాని తొమ్మిది రోజులు విశ్రాంతి కాలేదన్నది కూడా గమనించాలి. రోజూ ఫోన్ చేయడం, "రేపు" అనిపించుకోవడం. ఆ రోజుల్లోనే నిద్ర ఎక్కువ చెడిందని, ఏ రాత్రి ఎలా గడిచిందో రాసిన నిద్ర పట్టీ చూపింది.

కోత సంగతి ఇంకా సూటిగా ఉంది. చీర మీద మచ్చ కనిపిస్తే కోత నేసినవాడికే. కానీ పడుగుకు చిటికీలు, అంటే రంగు అంటకుండా వేసే కట్లు, కట్టి రంగు వేసింది వేరేచోట. చిటికీ వదులైతే రంగు కట్టు కిందికి పాకుతుంది, దాన్ని మగ్గం మీద దిద్దడం కుదరదు. తేడా కనిపెట్టడం కష్టం కాదు. పడుగును మడతలు వేసి కట్టి రంగు వేస్తారు కాబట్టి రంగు పాకిన మచ్చ నిలువు వరసలో డిజైన్ తిరిగొచ్చిన చోటల్లా మళ్లీ కనిపిస్తుంది. నేతలో జరిగిన తప్పు అడ్డంగా, ఆ ఒక్క జానెడు మేరలోనే ఉంటుంది. ఈ సంగతి నేతగానికీ తెలుసు, సావుకారికీ తెలుసు. అడిగే చోటు లేదు, అంతే. తన చేతిలో లేనిదానికి తాను జవాబుదారీ కావడం ఒత్తిడిని పెంచే వాటిలో చాలా బలమైనది. ఈ కేసులో రాత్రి రెండు గంటల మెలకువకు మొదటి కారణంగా మేం రాసుకున్నది ఇదే.

ఇంటామె పని పట్టీలో లేదు

మొదటి రెండు విడతలు ఆయనతోనే మాట్లాడాం. అది పొరపాటు. ఆమె వయసు 38. ఆసు పోయడం, నాడెలో పెట్టే పేక నూలు కండెలు చుట్టడం, వంట, బడి పిల్లలు. కూలి చీర మీద, ఆయన పేరున వస్తుంది. ఆసు అంటే పేక నూలును అర్ధచంద్రం లాంటి చట్రం మేకుల మీద అటూ ఇటూ తిప్పి పోయడం. చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడుతుంది. భుజం అరిగిపోయే పని. ఈ జిల్లాకే చెందిన శారాజీపేట చింతకింది మల్లేశం తల్లి పడే ఈ నొప్పి చూసే 1999లో ఆసు యంత్రం తయారు చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. యంత్రం భుజాన్ని కాపాడింది, గంటలు మిగిల్చింది. మిగిలిన గంటలు ఎవరివి అన్నది యంత్రం తేల్చదు. ఈ ఇంట్లో ఆసు యంత్రం ఉంది. మిగిలిన సమయంలోకి పక్కింటి కండెలు వచ్చి చేరాయి.

నిర్ణయాల పట్టీలో ఆమె గడి నింపితే ఒక్కటీ ఆమెది కాదు. ఆయన పని సావుకారిని బట్టి, ఆమె పని ఆయన మగ్గాన్ని బట్టి. కండె అయిపోగానే కేక వస్తుంది, పొయ్యి మీద ఏమున్నా లేవాలి. ఆమె నిద్ర, ఆకలి, తలనొప్పి వివరాలు ఆయనకంటే అధ్వానంగా ఉన్నాయి. ఆరోగ్య కేంద్రానికి వచ్చింది ఆయనే. గద్వాల వైపు అంచు చీర ఇద్దరు కూర్చుని నేసే ఇళ్లలో కూడా ఇదే చూడాలి: ఒకరి వేగం ఇంకొకరు కట్టేస్తున్నప్పుడు ఇద్దరినీ విడిగా అడగకపోతే సగం కేసే చేతికొస్తుంది.

చేసిన మార్పులు

మొదటి ప్రయత్నం విఫలమైంది. అదుపు పెంచాలంటే పెద్ద నిర్ణయమే ఇద్దామని డిజైన్, రంగుల ఎంపిక నేతగానికి వదలమని సావుకారిని ఒప్పించాం. మూడు వారాలకు నిద్ర ఇంకా చెడింది. కారణం మేం ముందే ఊహించాల్సింది. ఏ రంగు అమ్ముడవుతుందో తెలిసేది హైదరాబాద్ దుకాణాలతో మాట్లాడే సావుకారికి. ఆ కబురు ఇవ్వకుండా, చీర అమ్ముడుపోకపోతే నష్టం ఎవరిదో తేల్చకుండా ఎంపిక ఒక్కటే ఇవ్వడమంటే బరువు మార్చడమే. "నాకు రంగులొద్దు సార్, తారీఖు జెప్పుండ్రి" అన్నాడు. అడిగింది అధికారం కాదు, ముందుగా తెలియడం.

రెండోసారి పట్టీలో కుడివైపు గడి, అంటే "ఎప్పుడు తెలుస్తుంది" అన్నది, ముందు పట్టుకున్నాం.

వార్పుతో పాటు చిట్టీ: డిజైన్ నంబరు, రంగులు, నూలు గ్రాముల్లో, చీర కూలి, దేనికి ఎంత కోత, ఇవ్వాల్సిన తేదీ. పోగులు అతకడం మొదలయ్యాక చిట్టీలో ఏదీ మారకూడదు. తేదీకి ఒక షరతు ఉంది: వార్పు ఎన్ని రోజులు ఆలస్యమైతే గడువు అన్ని రోజులు వెనక్కి. సావుకారి దీనికి సగమే ఒప్పుకున్నాడు, సీజన్‌లో సగం రోజులే అని. దాన్నే రాయించాం. సగం అయినా కాగితం మీద ఉండటం మేలు.

వార్పు విప్పిన రెండు రోజుల్లో పరిశీలన: పగటి వెలుతురులో మూడు చోట్ల పరచి ఫోన్‌తో ఫోటో, వాట్సాప్‌లో సావుకారికి. అప్పటికే కనిపించిన రంగు పాకుడుకు కోత ఉండదు. ఇందులో చాలామంది చేసే తప్పు, రాత్రి ట్యూబ్‌లైట్ కింద ఫోటో తీయడం. లేత రంగుల పాకుడు అందులో కనిపించదు, తర్వాత వాదన నిలవదు.

వరుస తప్పకుండా: నాలుగో చీర కోసిన రోజే తర్వాతి వార్పు బయల్దేరాలి. ఇంకా రెండు చీరల పని, 12 రోజులు, చేతిలో ఉంటుంది. తొమ్మిది రోజులు ఆలస్యమైనా మగ్గం ఖాళీగా ఉండదు. అన్నింట్లో సావుకారికి ఖర్చైన మార్పు ఇదొక్కటే, నూలు మీద ఆయన పెట్టుబడి ముందుగా ఇరుక్కుంటుంది. ఖాళీ మగ్గం ఆయనకూ నష్టమేనని పాత పుస్తకంలోంచి చూపించాకే ఒప్పుకున్నాడు. ఆయన్ని విలన్‌గా చూస్తే ఈ పని నడవదు. నూలు ధర, దుకాణాల బాకీలు, ఇక్కత్ లాగే కనిపించే ప్రింటు చీరలు ఆయన చేతిలోనూ లేవు. పైనుంచి వచ్చిన తికమకనే ఆయన కిందికి పంపుతున్నాడు.

సావుకారితో రోజూ ఐదారు ఫోన్ల బదులు బుధవారం సాయంత్రం ఒక్కటే.

ఇంటామె కోసం: కండెలు ముందురోజు సాయంత్రమే ఒక చీర పేకకు సరిపడా చుట్టి బుట్టలో పెట్టడం, దాంతో పగలు కేకలు ఆగాయి. వారంలో ఏ రెండు పూటలు మగ్గం పని ముట్టదో ఆమె చెబుతుంది, కారణం చెప్పనక్కర లేదు. ఆసు, కండెల కూలి చిట్టీలో వేరే వరస, ఆమె ఖాతాకు. ఈ చివరి దానికి అడ్డు చెప్పింది సావుకారి కాదు, ఇంటాయన. రెండు విడతలు దానికే పోయాయి.

ఇలాంటి సర్దుబాటు నేత పనికి కొత్తేమీ కాదు. 1953లో అహ్మదాబాద్ కాలికో మిల్లులో ఎ. కె. రైస్ అనే పరిశోధకుడు ఆటోమేటిక్ మగ్గాల షెడ్డులో ముక్కలుగా పంచిన పనులను మార్చి, చిన్న జట్లకు ఒక్కో గుంపు మగ్గాలు అప్పగించాడు. పనిని జట్టే లోపల పంచుకుంది. ఉత్పత్తి పెరిగింది, పాడైన బట్ట తగ్గింది. ఏళ్ల తర్వాత ఎరిక్ మిల్లర్ అనే మరో పరిశోధకుడు వెళ్లి చూస్తే కొన్నిచోట్ల పాత పద్ధతే తిరిగొచ్చింది. అందుకే ఇక్కడ మొదటి నెల ఫలితం చూసి ఫైలు మూయలేదు.

ఐదు నెలల తర్వాత

పీహెచ్‌క్యూ-9 పదకొండు నుంచి ఆరుకు దిగింది. రాత్రి మెలకువ వారానికి ఒకటి రెండు సార్లు. బీపీ తగ్గింది, కానీ బీపీ మందూ మొదలైంది, గోలీలూ ఆగాయి, కాబట్టి ఆ మేలు ఈ మార్పులదని రాసుకోం. పని మీద అదుపు లేకపోవడానికీ గుండె జబ్బుకూ సంబంధం ఉందని లండన్ ప్రభుత్వ ఉద్యోగుల మీద 1985లో మొదలైన వైట్‌హాల్ రెండో అధ్యయనం చూపింది. 2012లో యూరప్ అధ్యయనాలను కలిపి చూసినప్పుడు భారం ఎక్కువ, అదుపు తక్కువ ఉన్నవాళ్లలో ఆ ముప్పు సుమారు 23 శాతం ఎక్కువని తేలింది. అది జనం మొత్తం మీద కనిపించే తేడా. ఒక మనిషి బీపీ పట్టీ మీద దాన్ని అతికించకూడదు.

ఏది నిలిచింది, ఏది కూలింది అన్నది ఎక్కువ ఉపయోగం. ఫోటో పరిశీలన నిలిచింది, ఎందుకంటే రంగు వేసేవాళ్ల తప్పు ఎక్కడో సావుకారికీ దాంతోనే తెలుస్తోంది. కండెల బుట్ట నిలిచింది. బుధవారం ఫోన్ ఆరో వారానికే పోయింది. లెక్కలు సావుకారి కొడుకు చేతికి వచ్చాక మళ్లీ ఎప్పుడు పడితే అప్పుడు వాట్సాప్ మెసేజ్‌లు. మూడో వార్పులో పోగులు అతికాక కొంగు రంగు మార్చమన్నారు. చిట్టీ చూపించి కాదన్నాడు. అలా కాదనడం మొదటిసారి. ఆ వారం నిద్ర పట్టీలో రెండు రాత్రులు చెడ్డవి, మిగతా ఐదు మంచివి.

కదలనిది అడ్వాన్సు బాకీ. సావుకారి దగ్గర తీసుకున్న పాత అడ్వాన్సు తీరనిదే వేరొకరి వార్పు ఎక్కించడానికి లేదు. నచ్చకపోతే వదిలి వెళ్లగలగడం అన్నిటికంటే పెద్ద అదుపు; చిట్టీలూ ఫోటోలూ దాని బదులు పనికిరావు. కూలి కూడా పెరగలేదు. కష్టానికి తగ్గ ఫలితం రాకపోవడం వేరే ఒత్తిడి. జొహానెస్ సీగ్రిస్ట్ 1996లో దాన్ని విడి నమూనాగానే పెట్టాడు, దాన్ని అదుపు పెంచి మాన్పలేం. అడ్వాన్సు నుంచి చీరకు ఎంత కోస్తున్నారో చిట్టీలో ఒక వరస పెట్టించగలిగాం, అంతవరకే.

పట్టీలో మేం వదిలేసిన గడి వానలప్పుడు బయటపడింది. గట్టి వాన పడితే మగ్గం గుంటలోకి నీరు ఊరుతుంది, చెమ్మకు పడుగు బిగువు మారుతుంది, రెండు మూడు రోజులు కూర్చోవడానికి ఉండదు. ఆ రోజులకు గడువు జరుగుతుందా అన్నది చిట్టీలో లేదు. తర్వాతి చిట్టీలో "గుంట తడి రోజులు" అని ఒక వరస చేర్చి, ఎదురుగా ఖాళీ వదిలి సావుకారికి పంపాం. ఇంకా నింపలేదు.